మామ్మ చెప్తే నేను రాసిన పేర్లు

మా క్రైస్తవ సంఘాల్లో సాక్ష్యం, అంటే విశ్వాసంలోకి ఎలా వచ్చామో, చెప్పమంటే చాలామందికి ఒక తేదీ ఉంటుంది. ఫలానా సంవత్సరం, ఫలానా సభల్లో, వాక్యం వింటుండగా ప్రభువు నన్ను ముట్టాడు అని చెప్తారు. తాగుడు మానేసినవాళ్ళు, ఆసుపత్రిలో ఆశ వదులుకున్నాక లేచి వచ్చినవాళ్ళు మా యవ్వనస్థుల కూడికల్లో నిలబడి చెబుతుంటే కళ్ళు తుడుచుకుంటూ విన్నాను. వాళ్ళు చెప్పింది నిజం. వాళ్ళలో కొందరి మార్పు నా కళ్ళ ముందే జరిగింది. నాకు మాత్రం అలాంటి ఒక రోజు లేదు. నా విశ్వాసం విశాఖపట్నం కంచరపాలెంలో మా ఇంటి అరుగు మీద, సాయంత్రాలు, మామ్మ చెబుతుంటే ఒక పొడుగు నోటుబుక్కులో వేరేవాళ్ళ పేర్లు రాస్తూ రాస్తూ వచ్చింది. ఏ పేరు దగ్గర వచ్చిందంటే చెప్పలేను.

మామ్మ అంటే మా నాన్న అమ్మ. కె.జి.హెచ్. పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఆవిడకి చదవడం వచ్చు, రాయడం రాదు. పెళ్ళయి పిల్లలు పుట్టాక, సంఘంలో ఒక టీచరమ్మ రాత్రిపూట ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పితే, పెద్దక్షరాల బైబిలు వేలు పెట్టుకుని చదివే దాకా నేర్చుకుంది. రాత దగ్గరికి వచ్చేసరికి డ్యూటీలు, పిల్లలు, ఇల్లు. చదువు అక్కడితో ఆగింది. అందుకే ప్రార్థన పుస్తకం రాసే పని మొదట నాన్నది, తర్వాత మా అత్తది. అత్తకి పెళ్ళై వెళ్ళిపోయాక, నాకు రాత కాస్త కుదిరాక, అది నా చేతికి వచ్చింది.

ఎర్ర అట్ట పుస్తకం, కిరాణా కొట్లో ఖాతాలు రాసుకునేది. స్కేలు పెట్టి మూడు గళ్ళు గీసేవాణ్ణి. ఎడమ పక్క తేదీ. మధ్యలో పేరు, ఊరు, అవసరం. కుడి పక్క గడి ఖాళీగా వదలాలి. జవాబు వచ్చిన రోజు అందులో తేదీ వేసి 'స్తోత్రం' అని రాయాలి. అయితే ఎవరో వచ్చి చెప్పారని అది రాయనిచ్చేది కాదు. మనిషిని తనే చూసి రావాలి. జ్వరం తగ్గిందన్న పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టాలి, పరీక్ష పాసైన పిల్ల మార్కుల కాగితం చూడాలి. అప్పుడు ఇంటికొచ్చి, "ఇప్పుడు రాయరా నాన్నా, నాను సూసొచ్చినాను" అనేది.

పేరొక్కటే రాస్తే కూడా ఊరుకునేది కాదు. "ఏ ఊరు, ఏటి పని సేస్తాది, ఎంతమంది పిల్లలు, అవన్నీ అడగొద్దేటి? ఎవులో తెలవకుండా ఆల కోసం దేవుడికి ఏటని సెప్తావు?" ఆ ప్రశ్నల వల్ల నా పుస్తకం నిండా మనుషులు నిండిపోయారు. పార్వతీపురం నుంచి కాన్పుకి వచ్చిన అమ్మాయి, మొదటి బిడ్డ నిలవలేదు. బర్మా క్యాంపులో ఆటో నడిపే అన్న, బండి కిస్తీలు రెండు నెలలు బాకీ. ఊర్వశి జంక్షన్ దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్న అక్క, ఇంట్లో భర్త కొడుతున్నాడు, ఈ సంగతి బయట అనకూడదు. రైల్వే గ్యాంగ్‌మ్యాన్ కూతురు, పదో తరగతి, లెక్కలంటే భయం. ఇదంతా రాశాక నేను ఒక్కో వరస చదివేవాణ్ణి, మామ్మ మోకాళ్ళ మీద ఉండి ఒక్కో మనిషినీ దేవుడి ముందు పెట్టేది. వెనక యార్డులో గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వస్తుండేది. కిస్తీ సంగతి చెప్పేటప్పుడు కూడా, దేవుడికి వివరంగా తెలియాలన్నట్టు, ఎన్ని రూపాయలో చెప్పి మరీ అడిగేది.

అడిగినవాళ్ళలో సగం మంది మా సంఘం వాళ్ళు కాదు. మా వీధి చాలా వరకు హిందువుల వీధి. "మామ్మగారూ, మావోడికి ఇంటర్వ్యూ ఉంది, కాస్త ప్రార్థన చెయ్యండి" అని గుమ్మం దగ్గర నిలబడి చెప్పి వెళ్ళేవారు. మామ్మ మతం ఊసెత్తేది కాదు, ఇంటర్వ్యూ ఎన్ని గంటలకో అడిగేది.

వినాయక చవితి వస్తే పక్కింటి అత్తమ్మ ఉండ్రాళ్ళు, పులిహోర తెచ్చి ఇస్తూ, "ఇది పూజకి ముందే తీసి పెట్టీనాను మామ్మగారూ, మీకోసం వేరేగా" అనేది. ఏళ్ళ తరబడి, ఏ పండక్కీ మర్చిపోకుండా అలా వేరుగా తీసి పెట్టింది. మా మనసు నొప్పించకూడదని ఆవిడ తన వంటింట్లో, పండగ హడావుడిలో, ఒక గిన్నె పక్కన పెట్టుకునేది. స్కూల్లో స్నేహితులు ప్రసాదం ఇస్తే ఏం చెయ్యాలో తెలియక ఇబ్బంది పడ్డ పిల్లలకి ఆ గిన్నె విలువ తెలుస్తుంది. క్రిస్మస్‌కి మామ్మ గులాబీ పువ్వులు, గవ్వలు వండితే మొదటి పళ్ళెం ఆ ఇంటికే వెళ్ళేది. మార్గశిర గురువారాలు కూడా డిసెంబరులోనే పడతాయి కదా, ఆ అత్తమ్మ తెల్లవారుజామునే బురుజుపేట కనకమహాలక్ష్మి దర్శనానికి బయల్దేరుతుంటే మా క్యారల్స్ బృందం స్టార్ కర్ర పట్టుకుని అప్పుడే ఇంటికి చేరేది. సందులో ఎదురుపడి, టీ తాగి వెళ్ళండర్రా అనేది. నా నమ్మకం నాకు గట్టిగా ఉండాలంటే ఎదుటివాళ్ళ నమ్మకం మీద విసుక్కోనక్కర్లేదని నాకు ఎవరూ ప్రసంగం చేసి చెప్పలేదు. అది ఆ రెండిళ్ళ మధ్య చూశాను.

పుస్తకంలో ఒక గడి దగ్గర మాత్రం నాకు చాలాకాలం చెయ్యి ఆగిపోయింది.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు కవిటి నుంచి ఒక అన్న వైద్యానికి వచ్చాడు. జీడితోటల్లో కూలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి ఇటువైపు అందరికీ తెలుసు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, కొబ్బరి తోటలతో చూడ్డానికి కోనసీమలా ఉండే ఊళ్ళు. ఇంటింటికీ కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ ఖాయంగా తేల్చలేదు. అప్పట్లో డయాలిసిస్ అంటే చాలామందికి విశాఖే దిక్కు. మామ్మ రిటైరైనా వార్డుకి వెళ్ళి రోగులతో మాట్లాడి వచ్చేది, అలా వాళ్ళు పరిచయమయ్యారు. బస ఖర్చు లేదని అన్ననీ, వదిననీ మా అరుగు మీద ఉండమంది. అన్నకి నీళ్ళు కొలత పెట్టి తాగమన్నారు. చిన్న స్టీలు గ్లాసుతో రోజుకి ఇంతని. దాహం వేసినప్పుడు గ్లాసులో కొంచెం పోసుకుని, పెదాలు తడుపుకుని, మిగతాది మూతపెట్టి దాచుకునేవాడు. ఎండాకాలం. మేము కుండ దగ్గర గటగటా తాగలేక లోపలికి వెళ్ళి తాగేవాళ్ళం. సాయంత్రం పేర్లు చదివేటప్పుడు ఆయన కూడా గోడకి ఆనుకుని కూర్చుని, మిగతావాళ్ళ పేర్లకి కూడా ఆమెన్ అనేవాడు. నేను ఆయన కోసం చేసినంత గట్టిగా అంతకుముందు దేనికీ ప్రార్థన చెయ్యలేదు. బాగవుతాడనే నమ్మాను.

బాగవలేదు. ఆ ఏడు వానలు పడకముందే పోయాడు.

పుస్తకం తీసి, ఆయన వరస దగ్గర కుడి గడి చూపించి, "ఇక్కడేం రాయాలి మామ్మా?" అని అడిగాను. గొంతులో కోపం ఉంది, మామ్మకి వినిపించింది కూడా. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తేదీ ఎయ్యి. ఎలిపోయినాడని రాయకు. నీ దగ్గరికొచ్చినాడు సామీ అని రాయి" అంది. రాశాను. "ఇప్పుడు ఆ కిందన ఆడి పెళ్ళాం పేరు రాయి. ఇద్దరాడపిల్లలు. ఆల పేర్లూ రాయి." అవీ రాశాను. తర్వాత చాలా రోజులు పేర్లు చదివాను గాని నోటితోనే చదివాను. మామ్మ అది కనిపెట్టింది, ఏమీ అనలేదు. పుస్తకం మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఊరుకోవడమే నన్ను నిలబెట్టింది. ఆ వయసులో నాకు జవాబులు చెప్పి ఉంటే తప్పకుండా వాదించేవాణ్ణి.

ఆ పిల్లలిద్దరి పేర్లూ ఏళ్ళ తరబడి ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కించాను. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారన్న వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మూతపెట్టిన ఆ స్టీలు గ్లాసు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. సండే స్కూల్లో మా టీచరు గారు ఒకసారి మమ్మల్ని పాత పోస్టాఫీసు వైపు, ఓల్డ్ టౌనులో తిప్పి చూపించారు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషన్ వాళ్ళు ఈ ఊరికే వచ్చారని, ఇక్కడే తెలుగు నేర్చుకున్నారని, ఆనందరాయర్ అనే ఆయన తోడుతో సువార్తలు తెలుగులోకి తెచ్చారని చెప్పారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళ సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయి బయటికి వచ్చింది 1812లో. ఎండలో నడిచి నడిచి దాహమేసి, ఆ రోజు మేము అంతా వినలేదు. కవిటి అన్న పోయాక ఆ సంవత్సరాలు నాకు వాటంతటవే గుర్తొచ్చాయి. అచ్చులో చూడకుండానే ఇద్దరూ వెళ్ళిపోయారు. మా మామ్మ వేలు పెట్టుకుని చదివిన సువార్తలు వాళ్ళ చేతుల్లో ఈ ఊళ్ళోనే, ఈ ఉప్పుగాలిలోనే, తెలుగులో ఒదిగాయి. కుడి గడి ఖాళీగా ఉండగా పోయినవాళ్ళు మాకన్నా ముందే ఇక్కడ ఉన్నారు.

మామ్మకి ప్రాణస్నేహితురాలు జ్ఞానాపురంలో ఉండేది, ఆవిడ కేథలిక్. మాది బాప్తిస్టు సంఘం. అయినా డిసెంబరు 8న రాస్ హిల్ మీద మేరీమాత పండగకి ఆవిడ కొండెక్కుతుంటే, ఒంటరిగా ఎందుకని మామ్మ కూడా వెళ్ళేది, నేను నీళ్ళ సీసా పట్టుకుని వెనకాల. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడట, ఆ ఇల్లే తర్వాత ప్రార్థనా మందిరమైంది. పక్కన ఇంకో కొండ మీద దర్గా, ఇంకో దాని మీద వెంకటేశ్వర స్వామి గుడి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద హార్బరులోకి వెళ్ళే కాలువ. ఒకసారి పైన ఉండగా పెద్ద ఓడ ఒకటి, టగ్గులు ముందూ వెనకా పట్టుకుని నెమ్మదిగా లోపలికి వచ్చింది. డెక్ మీద నారింజ రంగు బట్టల్లో మనుషులు చిన్నగా కనబడుతున్నారు. మామ్మ చాలాసేపు చూసి, "ఆలకీ అమ్మలుంటారు కదరా. ఇంటికెల్లాక రాయి" అంది. పేరు లేకుండా మామ్మ నాతో రాయించిన వరస అదొక్కటే అనుకుంటాను. 'పేరు తెలియని ఓడ, అందులో ఉన్నవాళ్ళందరూ' అని రాశాను.

పాలిటెక్నిక్‌లో చేరాక కొంతకాలం నా గోడే నాకు సరిపోయింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మెకానికల్ డిప్లొమా పుస్తకాలన్నీ ఇంగ్లీషు. క్లాసులో లెక్చరరు గారు చెప్పేది బోర్డు మీది బొమ్మను బట్టి ఊహించుకోవాలి. ఇలాంటి కష్టం మన తెలుగు మీడియం పిల్లలు లక్షలమంది పడ్డారు, అందుకే ఎక్కువ చెప్పను. నాకు పనికొచ్చిన ఉపాయం మాత్రం చెబుతాను. మా పాస్టరు అయ్యగారి దగ్గర ఒక ఇంగ్లీషు బైబిలు తీసుకుని తెలుగు దాని పక్కన పెట్టుకున్నాను. కీర్తనలు, సువార్తలు తెలుగులో కంఠతా వచ్చు కాబట్టి ఇంగ్లీషు వాక్యం ఎటు తిరిగి ఎటు వస్తుందో డిక్షనరీ లేకుండానే అర్థమయ్యేది. అలా వాక్యాల నడక పట్టుబడ్డాక థర్మల్ పుస్తకం కూడా మెల్లగా దారికొచ్చింది. సబ్జెక్టులు మిగలకుండా బయటపడ్డాను.

డిప్లొమా అయ్యాక ఉద్యోగం లేకుండా ఉన్న రోజుల్లో హుద్‌హుద్ వచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఆరాధన లేదని ముందు రోజే చెప్పేశారు. పొద్దున్నించి గాలి. గంటకి 180 కిలోమీటర్లు అని తర్వాత పేపర్లలో చదివాం, ఆ సమయానికి అంకెలు ఎవరికి తెలుసు. తలుపుకి అడ్డంగా మంచం నిలబెట్టి నాన్న, నేను వీపులు ఆనించి కూర్చున్నాం. మధ్యలో ఉన్నట్టుండి గాలి ఆగింది. వీధిలో జనం బయటికి కూడా వచ్చారు. అది తుఫాను కన్ను మా మీదుగా వెళ్ళడం అని అప్పుడు తెలియదు. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి అందుకుంది. మొదటిసారి నిలబడ్డ చెట్లు ఈసారి పడిపోయాయి. మామ్మ మంచం మీద కూర్చుని, కరెంటు లేదు కాబట్టి చదవకుండానే, పుస్తకంలో ఉన్న పేర్లు జ్ఞాపకం మీద ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. పైకప్పు రేకు ఊడి దబదబా కొట్టుకుంటుంటే గొంతు పెంచింది, అంతే.

మర్నాడు బయటికి వస్తే మా ఊరు మాది కాదు. కరెంటు స్తంభాలు వంగి రోడ్ల మీద పడుకున్నాయి. ఫోన్లు లేవు. పాల ప్యాకెట్టు కోసం, నీళ్ళ ట్యాంకరు కోసం, పెట్రోలు కోసం వరసలు. మా మందిరం సిమెంటు రేకులు సగానికి పైగా ఎగిరిపోయాయి, బెంచీల మీద వాన నీళ్ళు, పుల్పిట్ మీద చెట్టుకొమ్మ. ఆ వారమంతా యవ్వనస్థులం బకెట్లతో నీళ్ళు మోశాం. మా మందిరం వెనక బోరుబావికి చేతిపంపు ఉండేది, కరెంటుతో పని లేదు. అది ఎవరూ వాడక తుప్పు పట్టి ఉంది. నేనూ, ఇంకో ఇద్దరమూ విప్పి, వాషరు తోలు ముక్క కోసి వేసి, గ్రీజు రాసి నడిపించాం. నా డిప్లొమా మొదట పనికొచ్చింది అక్కడే. వీధి వీధంతా బిందెలతో వచ్చింది. పక్కింటి అత్తమ్మ, మసీదు వీధి భాయి వాళ్ళు, మేము, అందరం ఒకే వరస. ఒకరు కొడుతుంటే ఒకరు పట్టుకోవడం. అరచేతులు బొబ్బలెక్కాయి.

తర్వాతి ఆదివారం ఆరాధన రేకుల్లేని మందిరంలోనే జరిగింది. మైకు లేదు, కీబోర్డు లేదు, ఫ్యాను లేదు. వీధిలో కార్పెంటరు అన్న, ఆయన మా సంఘస్థుడు కాదు, తన టార్పాలిన్ తెచ్చి ముసలివాళ్ళు కూర్చునే వైపు కట్టిపెట్టి వెళ్ళాడు. అయ్యగారి గొంతు వెనక బెంచీల దాకా వినిపించింది. పాటలకి డప్పు ఒక్కటే. మైకులు అవసరమే, కాదనను, కానీ మనవాళ్ళు ఒకరి గొంతు ఒకరు వింటూ పాడితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత అంత బాగా పాడిన ఆదివారం నాకు గుర్తు లేదు.

ఆరాధన అయ్యాక మామ్మని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తున్నాను. మామూలుగా పచ్చగా కనబడే సింహాచలం వైపు కొండలు ఆకు లేకుండా, నిప్పు పెట్టినట్టు గోధుమ రంగులో ఉన్నాయి. మామ్మకి 121వ కీర్తన ప్రాణం. కొండల వైపు కళ్ళెత్తి, నాకు సాయం ఎక్కడినుంచి వస్తుందని అడిగే కీర్తన. రోజూ అరుగు మీద కూర్చుని ఆ కొండలు చూస్తూనే చెప్పుకునేది. ఆ బోడి కొండల్ని చూస్తే దిగులు పడుతుందనుకున్నాను. నిలబడి చూసి, "సూసినావా? సాయం కొండ నుంచి కాదురా. కొండని సేసినాయన కాడ్నుంచి. నాను ఇన్నాళ్ళూ సదువుతున్నాను, ఇయాలే తెలిసింది" అంది. డెబ్భై దాటిన మనిషి, అన్నేళ్ళుగా చెప్పుకున్న కీర్తన ఆ పూట కొత్తగా నేర్చుకుంది. అది చూశాక, నాకు ఇంకా అర్థం కానివాటి గురించి కంగారు పడటం తగ్గింది.

మరుసటి ఏడాది గాజువాక దాటాక ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పంప్ హౌస్ ఆపరేటరు ఉద్యోగం దొరికింది. ఏ షిఫ్ట్ పొద్దున్న ఆరు నుంచి, బి షిఫ్ట్ మధ్యాహ్నం రెండు నుంచి, సి షిఫ్ట్ రాత్రి పది నుంచి. గంట గంటకీ ప్రతి పంపు దగ్గరికీ వెళ్ళి డిశ్చార్జి ప్రెషరు, మోటారు లాగే కరెంటు ఆంప్స్, బేరింగు వేడి చూసి లాగ్ షీట్‌లో వెయ్యాలి. మొదటి సి షిఫ్ట్‌లోనే సీనియరు అన్న ప్రేమగానే చెప్పాడు: "రాత్రంతా తిరగక్కర్లేదు తమ్ముడూ. పై గడిలో ఏముందో చూసి కింద వరకూ వేసెయ్యి. ఎప్పుడూ అవే కదా." అందరూ అలానే చేస్తున్నారు, ఆయన చెడ్డవాడేం కాదు, నాకు టీ కూడా తెచ్చిచ్చాడు.

లాగ్ షీట్ ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు ఎర్ర అట్ట పుస్తకంలో కుడి గడి కనబడింది. నాను సూసొచ్చినాను, ఇప్పుడు రాయి. మామ్మ అలవాటు చేసిన చెయ్యి చూడని అంకె వెయ్యనివ్వలేదు. టార్చి పట్టుకుని లేచాను. అలా గంటకోసారి లేచి తిరగడం నా డ్యూటీ అయింది. పంపు దగ్గర చప్పుడికి మనిషి గొంతు వినబడదు, అందుకని అక్కడ పైకే ప్రార్థన చేసుకోవచ్చు. ఒకటో పంపు దగ్గర అక్క పిల్లలు. రెండో పంపు దగ్గర టిఫిన్ బండి అక్క. మూడో దాని దగ్గర కవిటి పిల్లలిద్దరూ. బేరింగు మీద మెల్లగా చేతి వెనక భాగం ఆనించి వేడి చూసుకుంటూ, వాళ్ళ పేర్లు చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. ఆదివారం మందిరంలో రెండు గంటలు కుదురుగా చెయ్యలేని ప్రార్థన ఆ పంపుల మధ్య కుదిరింది.

దీనికి ఫలితం మంచిగానే వచ్చిందనలేను. కొన్ని నెలలకి సూపర్‌వైజరు పిలిచి, "మీ షిఫ్ట్‌లోనే మూడో మోటారు ఆంప్స్ ఎందుకు ఎక్కువ చూపిస్తోంది? మిగతా షిఫ్టులన్నీ ఒకలా ఉన్నాయి" అని నిలదీశాడు. మిగతా షిఫ్టుల అంకెలు ఎప్పటివో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నేను చూసింది రాశానండీ అన్నాను. ఎవరి పేరూ ఎత్తలేదు. ఆ నెల నుంచి నా వీక్లీ ఆఫ్ ఆదివారం నుంచి మంగళవారానికి మారిపోయింది. తర్వాతెప్పుడో ఎలక్ట్రీషియన్ కరెంటు కొలిచే టంగ్ టెస్టర్ పెట్టి చూస్తే నా అంకెలే సరిపోయాయి, మోటారు విప్పి బాగుచేశారు. ఆఫ్ మాత్రం మంగళవారమే ఉండిపోయింది.

ఆదివారం లేకపోవడం ఎంత వెలితో అది పోయినవాళ్ళకే తెలుస్తుంది. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసంతో ఇచ్చే ప్రభు రాత్రి భోజనం అందుకోలేని నెలలు గడిచాయి. ఈస్టరు తెల్లవారుజామున మావాళ్ళంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వెళ్ళే వేళకి నేను పంప్ హౌస్‌లో ఉన్నాను. సి షిఫ్ట్ పడిన ఆదివారాలు పొద్దున్న ఆరింటికి దిగి, ముప్పై ఎనిమిదో నంబరు బస్సు పట్టుకుని, ఇంకో బస్సు మారి ఇంటికొచ్చి, స్నానం చేసి ఆరాధనకి పరిగెత్తేవాణ్ణి. ప్రసంగం మొదలవగానే కళ్ళు మూసుకుపోయేవి. ఒకసారి అయ్యగారు బయట నా భుజం మీద చెయ్యి వేసి, నేను క్షమించమని అడగబోతుంటే ఆపి, "ఏలీయా ప్రవక్త అలసిపోయి చెట్టు కింద పడుకుంటే దేవుడు కోప్పడలేదు బాబూ. దూతని పంపి లేపి, రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చాడు. నువ్వు వచ్చి ఇక్కడ నిద్రపోయినా పర్వాలేదు, రావడం మానకు" అన్నారు. నేను ఆయన ప్రసంగాలు చాలా విన్నాను. నాకు బాగా పనికొచ్చింది గేటు దగ్గర చెప్పిన ఆ నాలుగు మాటలు.

మామ్మ ఒక జనవరి నెలలో, నేను బి షిఫ్ట్‌లో ఉండగా వెళ్ళిపోయింది. సమాధి కార్యక్రమానికి మా వీధి అంతా వచ్చింది. నాకు ముఖాలు తెలియని మనుషులు చాలామంది వచ్చి, ఊరు, పేరు చెబుతుంటే, "మీరా!" అనుకున్నాను. వాళ్ళని చేతిరాతలో ఎరుగుదును. పార్వతీపురం అమ్మాయి పక్కన పొడుగ్గా కాలేజీ కుర్రాడు నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు మా సంఘానికి వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరో ఆపరేషన్ అని పెడితే క్షణాల్లో వందమంది ఆమెన్, చేతులు జోడించిన బొమ్మ పెడతారు. ప్రేమతోనే పెడతారు. కానీ నాకు మాత్రం ఆ రోజే ఫోన్ చేసి, ఏ ఆసుపత్రి, పక్కన ఎవరున్నారు, పిల్లల్ని ఎవరు చూస్తున్నారు అని అడిగితే గాని ప్రార్థన మొదలవదు. మా యవ్వనస్థులకి కూడా అదే చెబుతున్నాను. ఒక్కొక్కరు ముగ్గురి కోసం మాత్రమే ప్రార్థన చెయ్యండి, కానీ వాళ్ళ ఇంటికి వెళ్ళి చూసి రండి అని.

అలా వెళ్ళి చూసి వచ్చినప్పుడే తెలిసింది, మాలో ఆదివారం దొరకనివాళ్ళు ఎంతమంది ఉన్నారో. నర్సులు, సెక్యూరిటీ గార్డులు, హోటళ్ళలో చేసే పిల్లలు, షాపింగ్ మాల్ అమ్మాయిలు, నాలాంటి షిఫ్టుల వాళ్ళు. కొందరు ఏళ్ళుగా రావడం లేదు, వాళ్ళు చల్లారిపోయారని మేమంతా అనుకుంటున్నాం. చల్లారలేదు, డ్యూటీలో ఉన్నారు. సంఘ పెద్దల దగ్గర కూర్చుని ఇది చెప్పాం. పోయినేడు ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల నుంచి శనివారం సాయంత్రం వాళ్ళ కోసం ఒక ఆరాధన మొదలైంది. యూనిఫాంలోనే వస్తారు, ఐడీ కార్డులు మెడలో ఉంటాయి. నెలకోసారి ప్రభు భోజనం కూడా అప్పుడే ఇస్తున్నారు. సి షిఫ్ట్ వాళ్ళు పదింటికల్లా గేటు లోపల ఉండాలి, దారిలో ఎన్.ఎ.డి. కూడలి దగ్గర ట్రాఫిక్ ఉంటుంది. అందుకని ఎనిమిదింటికల్లా ఆశీర్వాదం అయిపోవాలని అయ్యగారిని ముందే అడిగాం. ఆయన ఒప్పుకున్నారు.